అక్క గుమ్మడికాయ, మామగారి గుమ్మాలు

ఏంటమ్మాయ్, తలుపులు మార్పిస్తున్నారా? కొలతలు కూడా తీసుకుపోయాడా ఆ వడ్రంగి? ఔరా, నేను స్నానానికి వెళ్ళొచ్చేలోపు ఇంత జరిగిందా ఇంట్లో! కాదు కాదు, నీ మీద కోపం కాదు. కొత్తగా వచ్చినదానివి, నీకేం తెలుసు. వాణ్ణనాలి, నా మనవణ్ణి, నీ మొగుణ్ణి. "బామ్మా, ఇవి ఇంటి గుమ్మాలా బస్సు షెడ్డు గేట్లా, దుమ్మంతా లోపలికే వస్తోంది" అని నెల రోజులుగా చెవిలో జోరీగలా ఒకటే పోరు. దుమ్మొస్తే ఊడ్చుకోండి. చేతుల్లేవా? వీధి గుమ్మం, నడిమి గుమ్మం, దొడ్డి గుమ్మం, మూడూ ఒకే వరస, మూడూ ఒకే వెడల్పు. ఎందుకలా ఉన్నాయి బామ్మా అని ఈ ఇంట్లో పుట్టినవాడు ఒక్కడు అడిగిన పాపాన పోలేదు. నువ్వడిగావు. రా, ఇలా కూర్చో. ఆ చిక్కుడుకాయల చేట ఇటు లాక్కో, ఈనెలు తీస్తూ విను. చెప్పాక కూడా మార్పించాలనిపిస్తే అప్పుడు నాతో మాట్లాడు. నేనూ మాట్లాడతాను.

ఆ ఫోటోలో ఉంది చూడు, ఆవిడ. అది కాదే, అది మా అత్తగారు. దాని పక్కది, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోందే, ఆవిడ. మా తోటికోడలు. మా బావగారి భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆ ఫోటో తీసేవాడు "అమ్మా, అంతలా నవ్వకండి, గోడకి తగిలించుకునే ఫోటో" అన్నాడు. "నా పళ్ళు, నా గోడ, నీకేంటయ్యా బాధ" అంది. వాడు అలాగే ఫోటో తీసేసి పోయాడు. అదీ మనిషి. మొండిఘటం. ఒకటి అనుకుందంటే ఇంక బ్రహ్మదేవుడు దిగొచ్చినా అంతే. అలాగని గయ్యాళి అనుకునేవు, కాదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో నాకు పిండి కలపడం కూడా రాదు, ఒక్కనాడు నవ్వలేదు నన్ను చూసి. నా చేతిలోది తీసుకుని తను కలిపేసి, నేనే చేశానని చెప్పేది. అలాంటిది.

ఇది తలుపుల ఇల్లమ్మా. ఇప్పుడంటే మీరంతా కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు గానీ, అప్పుడు పక్క వీధిలో మన షెడ్డుండేది. తలుపులు, కిటికీలు, గుమ్మాలు, ఊళ్ళో సగం ఇళ్ళకి మనవే. మా మామగారు పెట్టారు అది. నేను వచ్చేసరికే ఆయన లేరు. ఈ ఇల్లు కట్టినప్పుడు మూడు గుమ్మాలూ ఆయన స్వయంగా చేశారట. మంచి టేకు. ఒక్క ఇనప మేకు లేదు, అన్నీ చెక్క మేకులే. వేలు పెట్టి తడిమినా అతుకు తెలిసేది కాదు. షెడ్డుకి బేరానికి ఎవరొచ్చినా మా బావగారు ముందు ఇక్కడికే తీసుకొచ్చేవారు. "చూడండి, మా నాన్నగారి చేతిపని. ఇదీ మన పని" అని. వాళ్ళు వీధి గుమ్మం చూసి, నడిమి గుమ్మం చూసి, చూసుకుంటూ చూసుకుంటూ దొడ్డిదాకా వచ్చేసేవాళ్ళు. మేము తల దువ్వుకుంటున్నామా, గిన్నెలు తోముకుంటున్నామా, ఏమీ లేదు. ఆ గుమ్మాలకి ఏడాదికోసారి గరుకు కాగితం పట్టి, నూనె రాసి, మళ్ళీ గుడ్డతో రుద్దేది ఎవరనుకున్నావ్? అక్కా, నేనూ. వేళ్ళు కొట్టుకుపోయేవి. వచ్చినవాళ్ళు "అబ్బ, ఏం మెరుపండీ" అంటే బావగారు "మా నాన్నగారి చెయ్యి అలాంటిది" అనేవారు. ఆయన పోయి ఎన్నేళ్ళైందని, ఇంకా ఆయన చెయ్యే మెరిపిస్తోందా? అక్క నా వైపు చూసి మూతి తిప్పేది. నాకు నవ్వాగేది కాదు.

బావగారు చెడ్డమనిషని కాదు. మంచివారే. కాకపోతే కొలతల మనిషి. టేపు మెళ్ళో వేసుకునే ఉండేవారు, డాక్టర్లు గొట్టం వేసుకుంటారే, అలాగ. ఊళ్ళో అందరూ టేపుగారు అనేవాళ్ళు. ఎవరింటికెళ్ళినా ముందు గుమ్మం వంక చూసి, "ఓ అంగుళం వాలింది" అనేవారు. కాఫీ ఇచ్చేలోపు లేచి కొలిచేవారు కూడా. ఇంక మా ఆయన, మీ తాతగారి సంగతి చెప్పక్కర్లేదు, "అన్నయ్య ఎలా అంటే అలా". ఆ ఒక్క మాటతోనే జీవితం వెళ్ళదీశారు పాపం.

సరే, గుమ్మడికాయ దగ్గరికి వస్తా, కంగారుపడకు. షెడ్డులో రంపపు పొట్టు గుట్టలు గుట్టలుగా వచ్చేది కదా, దాన్ని తెచ్చి మన దొడ్లో ఓ మూల పోసేవాళ్ళు. పేడా, ఆకూ అలమూ, వంటింటి చెత్తా అన్నీ దానిమీదే. అది కుళ్ళి కుళ్ళి నల్లగా అయ్యింది. దాంట్లోంచి ఓ ఏడు తనంతట తనే ఓ గుమ్మడి తీగ లేచింది. ఎవరూ వెయ్యలేదు. అది పాకిందమ్మా, ఎలా పాకిందీ! బట్టలారేసే తాడు ఎక్కింది, బావి గోడ ఎక్కింది. దానికి ఓ కాయ కాసింది, బిందెంత. అంతే, అక్కకి పిచ్చి పట్టుకుంది. "ఏమే, ఎవరూ చూడకుండానే ఇంత కాసిందే, చూస్తే ఎంత కాస్తుందే?" అంది నాతో. అదీ మొదలు. మరుసటేడు పొలాలవాళ్ళ దగ్గర తిరిగి తిరిగి పెద్ద రకం విత్తనాలు తెచ్చింది. వేసింది. ఆ ఏడు కాయ కింద కుళ్ళిపోయింది, చెమ్మకి. ఆ తర్వాత ఏడు వాన కొట్టేసరికి ఒకేసారి నీళ్ళు తాగేసి ఫట్టుమని పగిలింది. ఏదో పేలిందనుకుని నేను వంటింట్లోంచి పరిగెత్తాను. వెళ్ళి చూస్తే అక్క ఆ పగిలిన కాయ పక్కన చతికిలబడి కూర్చుని ఉంది. ఏడుస్తోందేమో అనుకున్నా. లేదు. "గింజలు బాగున్నాయే, ఏరుదాం పట్టు" అంది.

ఇంక ఆ పై ఏడు చూడాలి. పాదు వేసినప్పట్నుంచి వేరే లోకం. పొద్దున్నే లేచి మగపువ్వు కోసి, రేకులు వలిచేసి, ఆడపువ్వులో తనే అద్దేది. తేనెటీగల్ని నమ్మదు, "వాటికి వంద పనులు" అనేది. పిందెలు బాగా పడ్డాయి. పడ్డాక ఒక్కటి ఉంచి మిగతావన్నీ గిల్లి పారేసింది. నాకు ప్రాణం ఉసూరుమంది. "అయ్యో అక్కా, బంగారం లాంటి పిందెలు" అన్నా. "అందరికీ తలో ముద్ద పెడితే ఎవరికీ కడుపు నిండదే. ఈ పాదు మొత్తం ఈ ఒక్కదానికే" అంది. తీగ కణుపుల మీద మట్టి కప్పేది, అక్కడా వేళ్ళు పట్టి ఇంకాస్త తాగుతుందని. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే దాని కింద షెడ్డు నుంచి తెచ్చిన పెద్ద చెక్క పలక పరిచి, మీద ఇసక పోసింది. ఎండకి తోలు ముదిరితే పగులుతుందని మంచం మీది దుప్పటి తీసుకెళ్ళి గొడుగులా కట్టింది. బావగారు పడుకోబోయి "నా దుప్పటేదీ" అంటే, "కాయ మీద ఉంది" అంది. ఆయన దొడ్లోకొచ్చి చూసి, "ఇంకేం, దానికో తలుపూ కిటికీ కూడా పెట్టించమంటావా?" అన్నారు. మీ తాతగారు నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకు నవ్వకూడదు, నవ్వొచ్చే మాటే. అక్క కూడా నవ్వింది. "పెట్టండి, ముందు దాన్ని పెరగనివ్వండి" అంది.

పెరిగిందమ్మా. రోజుకింత. పొద్దున చూసినదానికీ సాయంత్రానికీ తేడా తెలిసేది. కాయ కాదది, కూర్చున్న దూడలాగుండేది. వీధిలోవాళ్ళంతా వంతులు వేసుకుని వచ్చి చూసేవాళ్ళు. చూసి పోతూ ఏదో ఒకటి అనేవాళ్ళు. "ఇంత పొగరేంటమ్మా కాయకి" అని ఒకావిడ. "అంత కాయ ఎవరు తింటారూ" అని ఇంకొకావిడ. అక్క "తినడానిక్కాదు, తూచడానికి" అనేది. అదీ దాని కోరిక. ఊళ్ళో ఏటా మైదానంలో కూరగాయల పోటీ పెట్టేవాళ్ళు. పేద్ద కాటా తెచ్చేవాళ్ళు. ఏటా రిటైరైన స్టేషను మాస్టరే గెలిచేవాడు గుమ్మడికాయల్లో. అక్క ఏటా వెళ్ళి, చేతులు కట్టుకుని, ఆ కాయ కాటా మీదికెక్కడం చూసొచ్చేది. ఓసారి నన్నూ తీసుకెళ్ళింది. "మనం ఎన్ని తలుపులు రుద్దామే? ఒక్కటైనా మనది అన్నారా ఎవరైనా? ఇది చూడు, కాటా మీద పెడితే ముల్లు అబద్ధం చెప్పదు" అంది. నాకప్పుడు బుర్రకెక్కలేదు. ఊ అన్నా.

పోటీకి ముందురోజు వచ్చింది. బావగారు కూడా ఉషారుగానే ఉన్నారు, ఆ మాట చెప్పుకోవాలి. షెడ్డులో పనివాళ్ళని పిలిచారు, గుండ్రటి కర్రలు తెప్పించారు. పెద్ద పెద్ద గుమ్మాలు జరపడానికి వాడతారే, కింద వేసి దొర్లిస్తారు, అవి. కాయ ఎలాగూ పలక మీదే ఉంది. కాడ కోసి, పలక కింద కర్రలు పెట్టి, "హుప్పా, హుప్పా" అనుకుంటూ దొడ్డంతా దాటించి దొడ్డి గుమ్మం దాకా తెచ్చారు. తెచ్చి ఆగారు. మళ్ళీ తోశారు. మళ్ళీ ఆగారు. కాయ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఎటు తిప్పినా అంతే. మన దొడ్డికి వేరే దారి లేదు, చూస్తున్నావుగా, మూడు పక్కలా ఎత్తు గోడలు, అవతల పక్కవాళ్ళ మేడలు. బయటికెళ్ళాలంటే ఇంట్లోంచే వెళ్ళాలి, మూడు గుమ్మాలూ దాటి. బావగారు మెళ్ళోంచి టేపు తీశారు. కాయ కొలిచారు. గుమ్మం కొలిచారు. మళ్ళీ కాయ కొలిచారు. అప్పుడు చూడాలమ్మా ఆ మొహాలు! ఊరందరి గుమ్మాలూ కొలిచే ఇల్లు! బీరువా పట్టదు, మంచం తిరగదు అని ఊరందరికీ చెప్పే మనుషులు! రోజుకి వందసార్లు ఆ గుమ్మంలోంచి తిరుగుతూ, రోజూ ఆ కాయ వంక చూస్తూ, ఒక్కళ్ళకంటే ఒక్కళ్ళకి తట్టలేదు. పనివాళ్ళు తలలు వంచుకుని నవ్వాపుకుంటున్నారు. టేపుగారింట్లో ఇలా అయిందంటే ఊళ్ళో ఇంక తల ఎత్తుకోవడమేనా? ఆయనకి అది తగిలింది. ఇంక కాయ మీద ఉషారు, సరదా, అన్నీ పోయాయి.

"కోసెయ్" అన్నారు. "ముక్కలు చేసి పంచిపెట్టు. ఇంతవరకు చేసింది చాలు."

అక్క గుమ్మం వంకే చూస్తోంది. చూసి చూసి, "గుమ్మం తీసేస్తే అటూ ఇటూ బెత్తెడు బెత్తెడు వస్తుంది కదండీ. పడుతుంది" అంది. ఆయన ఒంటికాలి మీద లేచారు. "ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా? మా నాన్నగారి చేతిపని అది!" అన్నారు. అక్క గొంతు పెంచలేదమ్మా. నాకిప్పటికీ ఆ గొంతు చెవిలో ఉంది. "అది మీ నాన్నగారి చేతిపని. ఇది నా చేతిపని" అంది. "కూరగాయకీ గుమ్మానికీ పోలికా?" అన్నారు ఆయన. "పోల్చింది నేను కాదు, మీరే టేపు పెట్టి పోల్చారు" అంది. ఇంకేముంది, ఆయన మొహం ఎర్రగా అయిపోయింది. "సాయంత్రం నేనొచ్చేసరికి అది ముక్కలై ఉండాలి. గుమ్మం మీద చెయ్యి పడిందో, ఇంక ఈ ఇల్లు నీది కాదు" అనేసి, పనివాళ్ళని తీసుకుని, మీ తాతగార్ని తీసుకుని, ఎవరిదో కొత్తింటికి తలుపులు బిగించడానికి వెళ్ళిపోయారు. మీ తాతగారు వెళ్తూ వెళ్తూ నా వంక చూసి కళ్ళతోనే చెప్పారు, నువ్వు దీంట్లో వేలు పెట్టకు అని.

వాళ్ళు మలుపు తిరిగారో లేదో, అక్క కొంగు నడుముకి బిగించింది. కొయ్యసుత్తీ, ఉలీ తీసింది. "అక్కా, వద్దు. ఇల్లు నీది కాదన్నారు కదా" అన్నా. "ఎప్పుడు నాదైందని ఇప్పుడు కాకుండా పోవడానికి?" అంది. ఆ మాట నాకు ఇక్కడ, ఇదిగో ఇక్కడ తగిలింది. నేను వేళ్ళు చూసుకున్నా, గరుకు కాగితానికి అరిగిపోయిన వేళ్ళు. ఏమైతే అదైంది అనుకున్నా. "ఇంకో సుత్తి ఎక్కడుంది?" అన్నా. నేనేనా అని నాకే అనుమానం వచ్చింది. పగలగొట్టామనుకుంటున్నావా? రామ రామ. ఒక్క గీత పడనివ్వలేదు. ఏళ్ళ తరబడి రుద్దినవాళ్ళం, ఏ మేకు ఎక్కడుందో మా వేళ్ళకి తెలుసు. చుట్టూ సున్నం మెల్లగా చెక్కి, చెక్క మేకులు వెనక నుంచి కొట్టి, తలుపు రెక్కలు దించి, పైది, పక్కలవి, గడప, అన్నీ విడదీసి, సుద్దముక్కతో గుర్తులు పెట్టి, పాత చీరల్లో చుట్టి గోడకి ఆనించాం. గోడ మొయ్యడానికి పైన రాతి దిమ్మె ఎలాగూ ఉంది. దొడ్డి గుమ్మం, నడిమి గుమ్మం, వీధి గుమ్మం. వీధి గుమ్మం దగ్గరికొచ్చేసరికి జనం పోగయ్యారు. ఇస్త్రీ బండి అబ్బాయి, పాలవాడు, ఎదురింటి ట్యూషన్ మాస్టారు. "ఏం చేస్తున్నారమ్మా?" అంటే, "చూస్తూ నిలబడతారా, ఓ చెయ్యి వేస్తారా?" అంది అక్క. వేశారు. మూడు గుమ్మాలూ పోయాక, వీధిలో నిలబడి చూస్తే దొడ్లో బావి దాకా కనిపించిందమ్మా ఇల్లు. మన ఇల్లు అంత వెలుతురుగా ఉంటుందని నాకెప్పుడూ తెలీదు.

కాయ బయటికొస్తోంది. నడిమి గుమ్మం దగ్గర గోడకి రాసుకుంటుందేమోనని నేను దుప్పటి అడ్డం పట్టుకున్నా. బెత్తెడు కూడా లేదు, నా అరచెయ్యి ఇరుక్కుంది. ఎలాగో వీధిలోకి వచ్చేసింది. ట్రాలీ బండి మీదికి ఎక్కించారు. ఎక్కిస్తుండగా బావగారు వచ్చారు. ఎవడో వెళ్ళి చెప్పుంటాడు, చెప్పకుండా ఉంటారా. వచ్చి ఇంటి వంక చూశారు. వెనక మీ తాతగారు నన్ను చూసి నోరెళ్ళబెట్టారు, నా చేతిలో సుత్తి ఉంది మరి. బావగారు వీధి వీధంతా వినేలా అరిచారు. "వెళ్ళు! ఆ బండెక్కి వెళ్ళావంటే మళ్ళీ ఈ ఇంట్లో అడుగు పెట్టొద్దు. తలుపు మొహం మీద వేసేస్తా!" అక్క అప్పటికే బండెక్కి కాయ పక్కన కూర్చుంది. చేతికంటిన సున్నం దులుపుకుంటూ ఇంటి వంక చూసింది. ఆయన వంక చూసింది. "ఏ తలుపు వేస్తారండీ?" అంది.

ఇంక చూసుకో. ఇస్త్రీ అబ్బాయి కింద కూర్చుని నవ్వాడు. ట్యూషన్ మాస్టారు అటు తిరిగిపోయారు. నాకైతే నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, భయమేసింది, అన్నీ ఒకేసారి. బండి కదిలింది. నేనూ సుత్తి మీ తాతగారి చేతిలో పెట్టి, బండి వెనకాలే నడిచా. "ఏయ్, నువ్వెక్కడికి?" అన్నారు. "అక్క ఎలా అంటే అలా" అన్నా. ఆయన మాట ఆయనకే అప్పజెప్పా.

గెలిచిందా అంటావా? లేదు. రెండోది. స్టేషను మాస్టరు కాయ కొంచెం, ఓ చిన్న బుట్టెడంత ఎక్కువ తూగింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇంత చేసి రెండోదా అని. అక్క మాత్రం ఆ ముల్లు వంక చూస్తూ, "చూశావే, ఎంత తూగానో" అంది. తూగింది అనలేదు. తూగాను అంది. స్టేషను మాస్టరు దగ్గరికెళ్ళి, "మీది పెద్దదే. ఈ ఏటికి" అని చెప్పొచ్చింది. ఆయన పాపం నవ్వాలో వద్దో తెలీక టోపీ తీశాడు.

మర్నాడు పోటీ అయ్యాక కాయతో సహా తిరిగొచ్చాం. మధ్యలో రాత్రి ఎక్కడున్నామా? మైదానంలోనే, కాయకి కాపలా, ఇంకా ఊళ్ళోవాళ్ళూ ఉన్నారులే. అక్క నిద్రపోయింది, నేనే పోలేదు. ఏమవుతుందో, ఇంట్లోకి రానిస్తారో లేదోనని గుండెల్లో ఒకటే గుబులు. వచ్చి చూద్దుం కదా, బావగారు వీధి గుమ్మం ఉండాల్సిన చోట స్టూలేసుకుని కూర్చునున్నారు. దొడ్డి వైపు మీ తాతగారు ఇంకో స్టూలు మీద. తలుపుల్లేని ఇల్లు వదిలేసి ఎక్కడికెళ్తారు? షెడ్డుకి వెళ్ళలేదు, నిద్ర లేదు, గడ్డం మాసిపోయింది. రావద్దన్న మనిషే ఇంటికి కాపలా కాస్తున్నాడు. అక్క బండి దిగింది. "కాస్త పక్కకి జరగండి, కాయ లోపలికి రావాలి" అంది. ఆయన అలాగే చూశారు. ఆయన లేచారు. స్టూలు తీసి పక్కన పెట్టారు. మళ్ళీ వంగి పలకకి ఓ పక్క భుజం పట్టారు. లోపలికి తోశారు.

తోసి, చెమట తుడుచుకుని, "రేపు గుమ్మాలు మళ్ళీ బిగించేస్తా" అన్నారు. అక్క "ఊహూ" అంది. "వాటిని షెడ్డులో నిలబెట్టుకోండి. వచ్చినవాళ్ళకి అక్కడే చూపించండి. ఈ ఇంటికి వెడల్పువి చెయ్యండి. వచ్చే ఏడు ఇంకా పెద్దది పెంచుతా" అంది. మళ్ళీ యుద్ధం! నెలల తరబడి గోనెపట్టాలు కట్టుకుని బతికాం. కుక్కలొచ్చేవి, పిల్లులొచ్చేవి, గాలికి పొయ్యి ఆరిపోయేది. చుట్టాలు చూసి ముక్కున వేలేసుకునేవాళ్ళు. అక్కకి చీమ కుట్టినట్టైనా లేదు. చివరికి ఆయనే తగ్గారు. ఓ రోజు పొద్దున చూస్తే, దొడ్లో కొత్త పాదు పక్కన కూర్చుని, "ఎంతవరకు పెరగొచ్చంటావ్?" అని అక్కని అడుగుతున్నారు, చేతిలో టేపు. అప్పుడు చేశారు ఇవి. గోడలు కొట్టించి, పైన దిమ్మెలు మార్పించి మరీ. గరుకు కాగితం పట్టింది మేమిద్దరమే, అది వేరే సంగతి. ఇప్పుడు తెలిసిందా నేనెందుకు ముట్టుకోనివ్వనో? చెప్పు మీ ఆయనకి. దుమ్మొస్తే చీపురు ఇక్కడే ఉందని చెప్పు.

తర్వాతా? తర్వాత ఏటా పెంచింది. ఎన్నడూ మొదటిది రాలేదు. ఓ ఏడు పురుగు, ఓ ఏడు వాన, ఓ ఏడు మళ్ళీ రెండోది. స్టేషను మాస్టరు పోయాడు, వాళ్ళబ్బాయి వచ్చాడు, వాడూ గెలిచాడు. అక్క మానలేదు. "మానెయ్యవే, వయసొచ్చింది" అంటే, "కాయకి తెలీదుగా నా వయసు" అనేది. ఓ ఏడు, కాయ మంచి పెరుగుదలలో ఉండగా, పొద్దున పాదుకి నీళ్ళు పెట్టి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ అక్కడే కూలబడిపోయింది. గుండె. అంతే. ఒక్క మాట లేదు. నేను ఇక్కడే, ఇదే వంటింట్లో ఉన్నాను. చెంబు పడ్డ చప్పుడు విని వెళ్ళాను. ... ఏం లేదులే. కంట్లో ఏదో పడింది.

కాయని ఎవరూ ముట్టుకోలేదు. నేనే నీళ్ళు పోద్దామని వెళ్తే బావగారు అప్పటికే అక్కడున్నారు. దుప్పటి ఆయనే కట్టారు. రోజూ ఆయనే. పోటీ రోజొచ్చింది. పనివాళ్ళు వచ్చారు, కర్రలు వేశారు, కాయ మూడు గుమ్మాలూ హాయిగా దాటి వెళ్ళిపోయింది. ఆయన వెంట నేనూ వెళ్ళాను. మైదానంలో కాటా దగ్గర కొత్త కుర్రాడెవరో ఉన్నాడు, పోటీ పెట్టే ఆఫీసువాళ్ళ తాలూకు. పెంచినవాళ్ళు కాయ పక్కన నిలబడాలి, అప్పుడే తూస్తారు. అదీ పద్ధతి. "పెంచింది మీరేనా పెద్దాయనా?" అన్నాడు. "కాదు" అన్నారు బావగారు. "మరి?" "మా ఆవిడ." "పిలవండి మరి" అన్నాడు. ఈయన కాయ వంక తిరిగారు. నేనే చెప్పాను, ఆవిడ లేదు బాబూ, పోయింది అని. పాపం నొచ్చుకున్నాడు ఆ కుర్రాడు. దగ్గరికొచ్చి, మెల్లగా, "లేనివాళ్ళ కాయ తూచకూడదండీ, మరి నేనేం చెయ్యను. నేనే పెంచానని ఒక్క మాట అనెయ్యండి. ఇన్నాళ్ళూ చూసుకుంది మీరే కదా, తప్పేముంది" అన్నాడు. నేనూ ఆయన మోచెయ్యి పట్టుకుని, అనెయ్యండి బావగారూ అన్నా. అక్కకి కావలసింది తూకమే కదా అనుకున్నా. వెనక వరసలో వాళ్ళు కానివ్వండి, కానివ్వండి అని గోల.

ఆయన కాటా పళ్ళానికి ఆనుకుని నిలబడ్డారు. టేపు మెళ్ళోనే ఉంది. ఊరంతా ఎరిగిన మనిషి, ఊరంతా చూస్తోంది. మైదానం అంతా వినపడేలా అన్నారమ్మా. "నేను పెంచలేదు బాబూ. అన్నీ ఆవిడే పెంచింది. నేను కోసెయ్యమన్నవాణ్ణి. ఆవిడ కాయ అని చెప్పి తూస్తే తూచు. తూచకపోతే ఈ పూట ఈ కాటా మీద ఇంకో కాయ ఎక్కదు" అన్నారు.

తూచారులే. ఎందుకు తూచరు? ఎంత తూగిందో, మొదటిదో రెండోదో, మైకులో ఏదో చెప్పారు, నేను వినలేదు. నేను ఆయన్నే చూస్తున్నా.

... బయట ఎవరో పిలుస్తున్నట్టున్నారు, చూడమ్మా.